విరిగినా వీడని గాజు

1992 ఆగస్టు 24, సోమవారం తెల్లవారుజామున ఆండ్రూ అనే హరికేన్ ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొసన, హోమ్‌స్టెడ్ పట్టణ పరిసరాలలో తీరాన్ని దాటింది. నాడు డేడ్ కౌంటీగా పిలిచిన ఆ ప్రాంతంలో పాతికవేల పైచిలుకు ఇళ్ళు పూర్తిగా నాశనమయ్యాయి. మరో లక్ష ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఆ తుఫాను తీవ్రతను శాస్త్రజ్ఞులు పదేళ్ళ తరువాత, 2002లో, పునఃపరిశీలించి, గాలి వేగం గంటకు సుమారు 165 మైళ్ళని తేల్చి, దానిని అయిదవ శ్రేణిలో చేర్చారు. ఆండ్రూ వేగంగా కదిలిపోయిన తుఫాను. నీటికంటె గాలి చేసిన విధ్వంసమే అధికం. శిథిలాలను పరిశీలించిన ఇంజనీర్లకు పదేపదే ఒకే దృశ్యం ఎదురైంది: గోడలు నిలిచే ఉన్నాయి, పైకప్పు మాత్రం లేదు. కప్పు ఎగిరిపోవడానికి ముందే ఒక కిటికీయో, గరాజు తలుపో పోయి ఉన్నది.

పైకప్పుకూ కిటికీకీ ఉన్న ఈ సంబంధం మొదట వినేవారికి వింతగా తోస్తుంది. గాలి ఇంటి మీదుగా పోయేటప్పుడు కప్పును పైకి పీలుస్తుంది. ఇల్లు నలువైపులా మూసి ఉన్నంతసేపు కప్పు ఆ ఒక్క పీల్పుకే తట్టుకోవాలి. గాలి వచ్చే వైపున ఒక్క కిటికీ పగిలిందా, లోపలికి చొరబడిన గాలి బుడగను ఊదినట్టు ఇంటిని లోపలినుంచి ఉబ్బిస్తుంది. బయట పీల్పు, లోపల తోపు రెండూ కలిసి కప్పును లేవనెత్తుతాయి. అమెరికన్ ఇంజనీర్లు అనుసరించే ప్రమాణాలలో, మూసి ఉన్న ఇంటికి లోపలి ఒత్తిడి గుణకం 0.18 అయితే, ఒకవైపు ప్రధానంగా తెరుచుకుపోయిన ఇంటికి అది 0.55, అంటే మూడు రెట్లు. దొంగకు ఒక్క కన్నం చాలు. తుఫాను గాలికీ అంతే. గాలి వచ్చేటప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచితే ఒత్తిడి సమమవుతుందని నేటికీ కొందరు నమ్ముతారు. అది తమ చేతులతో తామే కన్నం వేయడం తప్ప మరొకటి కాదు.

గాలి ఒత్తిడి తక్కువేమీ కాదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 150 మైళ్ళ గాలి, అడ్డు వచ్చిన ప్రతి చదరపు అడుగు మీద 57 పౌన్ల బరువు మోపగలదు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు గల కిటికీ మీద అది పదకొండు వందల పౌన్లు దాటుతుంది. అయినా తగిన మందం గల గాజు దానిని భరించగలదు. గాజును పగలగొట్టేది చాలావరకు గాలి మోసుకువచ్చే వస్తువులు: పొరుగింటి పెంకు, విరిగిన దూలం, మేడ కప్పు మీద పరచిన గులకరాళ్ళు. 1974 క్రిస్మసు వేకువజామున ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుఫాను తుడిచిపెట్టిన తరువాత ఈ సంగతి ఇంజనీర్లకు మొదటిసారి గట్టిగా పట్టింది. ఎగిరివచ్చే కర్రదుంగను లెక్కలోకి తీసుకునే నిర్మాణ నిబంధన అక్కడే పుట్టింది. 1983లో అలీసియా హరికేన్ హ్యూస్టన్ నగర మధ్యంలోని ఆకాశహర్మ్యాల అద్దాలను రాల్చినపుడు, అందులో గులకరాళ్ళ పాత్ర ఎంతటిదో బయటపడింది. కానీ అమెరికాలో చట్టం కదలడానికి ఆండ్రూ రావలసివచ్చింది. 1994లో దక్షిణ ఫ్లోరిడా నిర్మాణ నియమావళి మారింది. 2002లో రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి అమలులోకి వచ్చింది.

అయితే, ఎంత దెబ్బ తగిలినా పగలని గాజు ఉన్నదా? లేదు. గాజు ప్రకృతిలోనే పెళుసుదనం ఉన్నది. లోహానికి దెబ్బ తగిలితే పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారి, సొట్ట పడి, దెబ్బను మింగుతాయి. గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు క్రమం లేని వలగా అల్లుకొని ఉంటాయి కనుక జారే వీలు లేదు. ఉపరితలం మీద కంటికి కనబడని గీత ఒకటి ఉంటే చాలు, ఒత్తిడి అంతా ఆ గీత మొన దగ్గర పోగుపడి బీట పరుగెడుతుంది.

ఇక్కడ టెంపర్డ్ గాజు గూర్చి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఇళ్ళు కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గాజును బాగా కాల్చి, ఉపరితలాన్ని చప్పున చల్లార్చితే పైపొర అదుముకొని, లోపలి భాగం లాగబడి ఉంటుంది. అది మామూలు గాజుకంటె దాదాపు నాలుగు రెట్లు బలమైనది. కానీ ఒకసారి బీట లోపలికి పోయిందా, పలక యావత్తూ చిన్న చిన్న ముక్కలుగా రాలిపోతుంది. మనిషికి లోతైన గాయం కాదు కనుక స్నానాల గది తలుపుకు అది మేలే. తుఫానులో మాత్రం రాలిపోయిన గాజు అంటే తెరుచుకున్న కిటికీ. కారు పక్క అద్దం గుప్పెడు పలుకులై రాలిపోవడమూ, ముందు అద్దం సాలెగూడులా బీటలువారి కూడా చోటు వదలకపోవడమూ చూసినవారికి ఈ భేదం వేరే చెప్పనక్కరలేదు. హరికేన్ గాజు ఆ ముందు అద్దానికి పెద్దన్న. గాజు మీద టేపును ఇంటూ గుర్తులా అతికించే ఆచారం వల్ల దేనికీ బలం చేకూరదు. పగిలినపుడు పెద్ద పెద్ద పెచ్చులు ఎగరడం తప్ప.

ఈ ముందు అద్దపు చరిత్ర ఒక ఫ్రెంచి చిత్రకారుడూ, రసాయన శాస్త్రజ్ఞుడూ అయిన ఎడ్వార్ బెనెడిక్టస్‌తో మొదలవుతుంది. 1903లో ఆయన ప్రయోగశాలలో బల్ల మీదనుంచి ఒక గాజుకుప్పె కిందపడి, బీటలు వారినా ముక్కలు చెదరలేదట. అందులో ఒకప్పుడు నిలవచేసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆరిపోయి, లోపలి గోడకు పలుచని పొరగా అంటుకొని ఉన్నది. కార్ల ప్రమాదాలలో గాజుపెంకుల వల్ల జనం గాయపడుతున్న వార్తలు చదివి ఆయనకు ఆ కుప్పె గుర్తుకు వచ్చిందంటారు. 1909లో ఆయన పేటెంటు పొందాడు. సెల్యులోజ్ నైట్రేట్ మాత్రం ఎండకు పసుపెక్కి చెడిపోయేది. సరైన జోడీ దొరికింది 1930లలో: పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పాలిమర్, సంక్షిప్తంగా పి.వి.బి.

పి.వి.బి. రసాయన నిర్మాణంలోనే దాని గుణం దాగి ఉన్నది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పొడవాటి గొలుసు అణువుకు వరుసగా హైడ్రాక్సిల్ సమూహాలు వేలాడుతూ ఉంటాయి. దానిని బ్యుటిరాల్డిహైడ్‌తో చర్య జరిపిస్తే, పక్కపక్కన ఉన్న హైడ్రాక్సిళ్ళు జతజతలుగా ఉంగరాల ఆకారంలో ముడిపడతాయి. అన్నీ ముడిపడవు, పడకూడదు కూడా. బరువులో సుమారు అయిదవ వంతు వినైల్ ఆల్కహాల్‌గానే మిగలనిస్తారు. ముడిపడిన భాగం సాగుదలనిస్తుంది; మిగిలిపోయిన హైడ్రాక్సిళ్ళు గాజు ఉపరితలం మీద సిలికాన్‌ను అంటిపెట్టుకొని ఉండే హైడ్రాక్సిళ్ళతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటాయి. జిగురు వేరే పూయనక్కరలేదు. రేకు మెత్తగా ఉండడానికి దాదాపు పావు వంతు ప్లాస్టిసైజర్ కలుపుతారు. రేకు మొదట పాలగాజులా మసకగా, గరుకుగా ఉంటుంది. ఆ గరుకు సందుల్లోంచే గాలి బయటికి పోతుంది. రెండు గాజుపలకల మధ్య పెట్టి ఆటోక్లేవ్‌లో సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడి, పన్నెండు వాతావరణాల పీడనం కింద ఉంచితే మసక మాయమై, మూడు పొరలూ ఒకే పలకలా కనిపిస్తాయి.

గాజుకు పి.వి.బి. ఎంత గట్టిగా అతుక్కుంటే అంత మంచిదని ఎవరికైనా తోస్తుంది. అది నిజం కాదు. దెబ్బ తగిలి గాజు బీటవారినపుడు, ఆ బీట మీదుగా రేకు సాగాలి. గాజుకు రేకు విడదీయరానంత బిగువుగా అంటుకొని ఉంటే, సాగడానికి రేకుకు దొరికే నిడివి బీట వెడల్పు మాత్రమే, అంటే వెంట్రుక వాసి. అంత కొద్ది నిడివి అంత సాగుదలను భరించలేక రేకు అక్కడే చిరిగిపోతుంది, వచ్చిన దుంగ లోపలికి దూసుకుపోతుంది. పట్టు మరీ సడలితే గాజు పెచ్చులుగా ఊడి ఎగురుతుంది. బీటకు ఇరువైపులా రేకు కొద్దికొద్దిగా గాజును వదులుతూ, ఆ వదలడంలోనే దెబ్బ శక్తిని ఖర్చుచేస్తూ, సాగాలి. కుట్టు బిగిస్తే బట్ట చిరుగుతుంది, వదులైతే కుట్టు ఊడుతుంది. ఆ మధ్యస్థమైన పట్టును సాధించడానికి పొటాషియం, మెగ్నీషియం లవణాలను అత్యల్ప మోతాదులో కలుపుతారు. రేకులోని తడి కూడా ముఖ్యమే. అది బరువులో అర శాతానికి లోపు ఉండాలి. పెరిగితే పట్టు తగ్గుతుంది. అందుకే రేకును పలకల మధ్య పరచే గదుల్లో గాలిలోని తేమను కూడా కొలిచి అదుపులో ఉంచుతారు. తుఫానులో ఇంటి కప్పు నిలవడం కొంతవరకు ఆ గదిలోని తేమ మీద ఆధారపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

కారు అద్దంలో పి.వి.బి. మందం 0.76 మిల్లీమీటర్లు, హరికేన్ కిటికీలలో సాధారణంగా 2.28 మిల్లీమీటర్లు, అంటే మూడింతలు. ఎండకు బాగా కాగిన పెద్ద పలకలలో పి.వి.బి. మెత్తబడుతుంది కనుక డ్యూపాంట్ సంస్థ 1990లలో అయనోప్లాస్ట్ అనే మరొక రేకును తయారుచేసింది. ఇది ఎథిలీన్, మెథాక్రిలిక్ ఆమ్లాల సహపాలిమర్. ఆమ్లభాగంలో కొంత లోహ అయాన్లతో తటస్థీకరించి ఉంటుంది. బిగువులో పి.వి.బి.కి నూరు రెట్లని తయారీదారుల లెక్క. 2014లో ఆ వ్యాపారం జపానుకు చెందిన కురారే సంస్థ పరమైంది.

పరీక్ష మాత్రం నాజూకైనది కాదు. తొమ్మిది పౌన్ల కర్రదుంగను గాలి ఫిరంగితో సెకనుకు 50 అడుగుల వేగాన కిటికీ మీదికి విసురుతారు. ఆ దుంగను నలభై అడుగుల ఎత్తునుంచి జారవిడిస్తే నేలను తాకే వేగం అదే. ఒక దెబ్బ నడిమధ్యన, మరొకటి మూల దగ్గర. గాజు పగులుతుంది, పగలాలనే లెక్క. అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతుంది. పగిలిన ఆ పలకనే గాలి ఒత్తిడితో లోపలికీ బయటికీ ఊపుతారు. అమెరికన్ జాతీయ ప్రమాణం ప్రకారం తొమ్మిది వేల సార్లు. తుఫాను ఒక్క దెబ్బతో పోదు, గంటల తరబడి ఊపుతుంది కదా! చివరకు అయిదంగుళాల కంటె పొడవైన చిరుగు గాని, మూడంగుళాల బంతి దూరే రంధ్రం గాని ఉండకూడదు. ముప్ఫై అడుగులకు పైన ఉన్న కిటికీలకు దుంగకు బదులు రెండు గ్రాముల ఉక్కు గుండ్లతో పరీక్ష. హ్యూస్టన్ గులకరాళ్ళ జ్ఞాపకం అది.

ఇక్కడ గ్రహించవలసినది, పరీక్ష నెగ్గేది గాజు ఒక్కటే కాదు, చట్రంతో, సిలికోన్ పూతతో, గోడకు బిగించిన మరలతో సహా యావత్తు కిటికీ అని. పగిలిన పలక తడిసిన దుప్పటిలా చట్రాన్ని లాగుతుంది. మంచి గాజును పాత చట్రంలో అమర్చినా, గోడలోకి చాలినంత దిగని మరలతో బిగించినా, కిటికీ ఊడి ఇంట్లోకి వస్తుంది. ఫ్లోరిడాలోని మనవారు కిటికీలు మార్చేటప్పుడు గాజు బేరమాడినంత శ్రద్ధగా మరల లెక్క అడగకపోవడం శోచనీయం. ఆ రాష్ట్రంలో భీమా సంస్థలు ఇలాంటి రక్షణకు రాయితీ ఇవ్వాలని చట్టం ఉన్నది. కానీ ఇంటికి ఉన్న అన్ని గాజు తెరుపులకూ రక్షణ ఉంటేనే పూర్తి లెక్కలోకి తీసుకుంటారు. పదకొండు మార్చి పన్నెండవది వదిలేస్తే ఆ ఇంటి లెక్క పన్నెండవ కిటికీదే. గరాజు తలుపును మరచిపోయేవారు మరీ ఎక్కువ.

ఖర్చు భరించలేనివారికి అల్యూమినియం షట్టర్లూ, ముందే కొలిచి కోసి ఉంచుకున్న ప్లైవుడ్ పలకలూ ఉన్నాయి. సరిగా బిగిస్తే అవి దెబ్బను ఆపుతాయి. కాకుంటే ఎవరో ఒకరు సమయానికి ఇంట్లో ఉండి బిగించాలి. వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళిన కుటుంబానికి ఆగస్టు నెలలో అది సాధ్యం కాదు. గాజుకూ లోపాలున్నాయి. నిప్పు అంటుకున్నపుడు దానిని పగలగొట్టుకొని బయటపడడం కష్టం కనుక ప్రతి పడకగదిలోనూ సులభంగా తెరుచుకునే కిటికీ ఒకటి ఉండితీరాలి. సముద్రపు తేమకు అంచుల వద్ద పి.వి.బి. తెల్లబడి విడివడవచ్చు. ఉప్పెన నీటిని ఇది ఆపదు. 2022లో ఇయన్ హరికేన్ వేళ ఫ్లోరిడా పడమటి తీరంలో ఎంతోమంది ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు. ఖాళీ చేయమన్నపుడు కిటికీల మీద భరోసాతో కూర్చోవడం ఆత్మహత్యాసదృశం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు, సముద్రతీరపు హోటళ్ళ గాజు ముఖభాగాలూ, విమానాశ్రయపు కప్పూ, అద్దాలూ ఛిద్రమయ్యాయి. ఆ తరువాత ఆ తీరం వెంట గాజు మేడలు తగ్గలేదు, పెరిగాయి. వాటిలో ఫ్లాట్లు కొన్న ప్రవాసాంధ్రులూ తక్కువేమీ కాదు. భారతీయ ప్రమాణాలలో ‘సేఫ్టీ గ్లాసు’ అనే ఒకే పేరు కింద టెంపర్డ్ గాజూ, పొరల గాజూ రెండూ వస్తాయి. కనుక బిల్డరు కాగితం మీద సేఫ్టీ గ్లాసు అని ఉన్నంత మాత్రాన సమాధానం దొరికినట్టు కాదు. అడగవలసినవి మూడు: గాజు ఒంటి పలకా, పొరలదా? పొరలదైతే మధ్య రేకు ఏమిటి, ఎన్ని మిల్లీమీటర్లు? ఏ ప్రమాణం ప్రకారం, చట్రంతో సహా, దుంగ దెబ్బకు పరీక్షించారు?

మూడవ ప్రశ్నకు కాగితం చూపించమని అడగాలి.