తిరుగబెట్టిన గుండెదడ

గుండె లయ తప్పుటకు కేథటర్ ఎబ్లేషన్ చేయించుకొన్నవారిలో కొందరికి కొన్నాళ్లకు ఆ దడ మరల కనిపించును. అంతట చికిత్స వ్యర్థమైనదని ఇంటిల్లిపాదియు దిగులు పడుదురు. ఈ దిగులు ఎంతవరకు సమంజసమో మనము కొంత విచారింతము.

లయ తప్పుటలో తరచుగా చూచునది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో గుండె పై గదులైన కర్ణికలు క్రమముగా ముడుచుకొనక వణకుచుండును. ఊపిరితిత్తులనుండి ఎడమ కర్ణికకు రక్తము తెచ్చు పుపుస సిరల మొదళ్లలోనే ఈ అలజడి తరచుగా పుట్టుచున్నదని 1998లో ఫ్రాన్సునందలి బోర్డో వైద్యుడు మిషెల్ ఐసగేర్, ఆయన సహచరులు వెల్లడించిరి. నాటినుండి వైద్యులు తొడ మొదటనున్న సిర గుండా సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, ఆ సిరల ముఖద్వారముల చుట్టును వేడిచేతనో, అతిశీతలముచేతనో కణజాలమును నిర్జీవ మొనర్చుచున్నారు. అచ్చటి విద్యుత్తు కర్ణికలోనికి పారకుండ ఇది గట్టు వేయుట వంటిది.

గాయము మానులోపల వాపువలన దడ రావచ్చును. అందుచే మొదటి మూడు నెలలలో వచ్చిన దడను వైద్యులు వైఫల్యముగా లెక్కించెడివారు కారు. 2024లో అంతర్జాతీయ నిపుణులు ఈ గడువును రెండు నెలలకు తగ్గించిరి. ఈ కాలమున మందులతోనో, మత్తునిచ్చి రొమ్ముపై విద్యుత్ ఘాతముతోనో లయను సరిచేయుదురు.

గడువు దాటిన పిదప వచ్చినచో, తరచుగా కారణము గట్టునకు పడిన గండియే. నిర్జీవమైనదనుకొన్న కణజాలము కొంత కోలుకొని విద్యుత్తునకు దారి యిచ్చును. కొందరిలో అలజడి వేరొక చోట పుట్టును. మరికొందరిలో మచ్చల చుట్టును తిరుగు ఫ్లట్టర్ అను వేరొక లయ యేర్పడును. కావున ముందుగా ఇ.సి.జి.తో అది ఏ లయయో తేల్చుకొనవలెను. పిదప మందులు వాడుటయో, రెండవసారి ఎబ్లేషన్ చేసి గండిని పూడ్చుటయో నిర్ణయింతురు.

ఇంటివారు చేయవలసినదియు గలదు. స్థూలకాయము, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగుట, మద్యము ఈ వ్యాధిని పెంచి పోషించును. ఈ వ్యాధి గల 140 మంది మద్యపాయులపై ఆస్ట్రేలియాలో జరిపి 2020లో ప్రకటించిన పరిశీలనలో, మద్యము మానుమని చెప్పబడినవారిలో నూటికి 53 మందికి, యథాప్రకారము త్రాగినవారిలో 73 మందికి ఆరు నెలలలో వ్యాధి తిరుగబెట్టెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మందును ఎబ్లేషన్ పిదప కనీసము రెండు నెలలు వాడవలెను. ఆపై కొనసాగించుట రోగి వయస్సు, రక్తపుపోటు, మధుమేహము, పూర్వపు పక్షవాతము మున్నగువానిపై ఆధారపడును గాని, దడ తగ్గుటపై కాదు. గుండె నెమ్మదించినదని తమంత తాము మందు మానినవారికి పక్షవాతపు భయము పొంచియే యుండును.

సొమ్మసిల్లుట, రొమ్మునొప్పి, ఆయాసము కలిగినను, చికిత్స జరిగిన తొలి వారములలో జ్వరముగాని మ్రింగునపుడు నొప్పిగాని కనిపించినను, తక్షణము ఆసుపత్రికి పోవలెను. మిగిలిన దడకు భయపడక, అది వచ్చిన దినమును, వేళను వ్రాసి యుంచి వైద్యునకు చూపుడు. అది ఆయన నిర్ణయమునకు ఎంతయో తోడ్పడును.