బొంత కుట్టేవారికి మరో మెట్టు



ఈ పూట బొంతల గురించి మాట్లాడుకుందాం. మన ఇళ్ళలో బొంత తెలియనివారు ఉండరు. నాలుగు పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వరుసగా కుట్లు వేస్తే బొంత తయారవుతుంది. బళ్ళారి, రాయచూరు వైపు ఉన్న మనవాళ్ళు ఇరుగుపొరుగు కన్నడం వారి నోట దీన్నే ‘కౌది’ అని వింటూంటారు. నాందేడ్, చంద్రపూర్ వైపు మరాఠీవారు ‘గోధడీ’ అంటారు. ఒడిశాలో ‘కంథా’ అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా పని ఒకటే: పాత గుడ్డను పారేయకుండా మళ్ళీ ఒంటిమీదికి తెచ్చుకోవడం.

మామూలు బొంతలు రెండో మూడో కుట్టి, ఇంకాస్త కష్టమైనది, రంగురంగుల ముక్కలు కలిపినది కుట్టాలని మనసులో ఉన్నవారి కోసం ఈనాటి ప్రసంగం. అలాంటి కోరికతో మొదలుపెట్టి, సగంలో ఆపేసిన బొంత మీ ట్రంకు పెట్టె అడుగున కూడా ఒకటి ఉండవచ్చు. అలా ఆగిపోవడానికి చాలాసార్లు చేతిపని చాలకపోవడం కారణం కాదు. ఒకే బొంతలో నాలుగు కొత్త పనులు నెత్తికెత్తుకోవడం కారణం. త్రికోణం ముక్కలు కొత్త, పట్టుగుడ్డ కొత్త, పెద్ద మంచానికి సరిపడే కొలత కొత్త, మిషను మీద కుట్టడం కొత్త. ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. దేనివల్ల వచ్చిందో తెలియదు. విసుగు పుట్టి మడిచి పెట్టేస్తాం. కాబట్టి ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. ఒక బొంతకు ఒక కొత్త పని. తక్కినవన్నీ మీ చేతికి అలవాటైనవే ఉండాలి.

మొదటి మెట్టు చదరపు ముక్కలు. చూడడానికి ఇది సులువు. కానీ ఇందులో కొలత నేర్చుకోవాలి. ఒక పనివారి లెక్క చెబుతాను. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంత అనుకోండి. అంటే 60 అంగుళాలు, 84 అంగుళాలు. నాలుగు అంగుళాల ముక్కలు తొమ్మిదేసి కలిపి, పన్నెండు అంగుళాల గడులుగా కుడితే, అడ్డంగా 5, నిలువుగా 7, మొత్తం 35 గడులు. ముక్కలు 315. కుట్టుకు నాలుగు వైపులా పావు అంగుళం వదలాలి కనుక ప్రతి ముక్కనూ నాలుగున్నర అంగుళాలకు కత్తిరించుకోవాలి.

అడ్డంగా ఒక వరుసలో 15 ముక్కలు వస్తాయి. వాటి మధ్య 14 కుట్లు. ప్రతి కుట్టు దగ్గర రెండు ముక్కల్లోనూ అంగుళంలో వీసం వంతు, అంటే పదహారో వంతు, ఎక్కువగా లోపలికి పోయిందనుకోండి. ఒక కుట్టుకు పోయేది అంగుళంలో ఎనిమిదో వంతు. 14 కుట్లకు ఒకటిముప్పావు అంగుళం! కంటికి కనబడని తేడా చివరికి రెండు వేళ్ళ వెడల్పయి కూర్చుంటుంది. ఒక వరుస పొట్టిగా, ఒక వరుస పొడుగ్గా వచ్చి, మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. అందుకే ముక్కలను కంటి అంచనాతో కత్తిరించకండి. గట్టి అట్టముక్క ఒకటి సరిగ్గా నాలుగున్నర అంగుళాలకు కోసి, దాన్ని పెట్టి గీసుకోండి. అట్ట అంచులు అరిగితే కొత్తది కోసుకోండి. మొదటి గడి కుట్టగానే ఇస్త్రీ చేసి కొలవండి. పన్నెండున్నర అంగుళాలు వచ్చిందా, సరే. రాకపోతే మిగతా 34 కుట్టకముందే సర్దుకోవచ్చు.

మూలలు సరిగ్గా కలవడానికి ఇంకొక చిన్న కిటుకు ఉంది. ఒక వరుసలో కుట్టు మడతలన్నీ కుడివైపుకు ఇస్త్రీ చేయండి. దాని కింది వరుసలో ఎడమవైపుకు చేయండి. రెండు వరుసలూ కలిపినప్పుడు మడత పక్కన మడత ఒదిగి కూర్చుంటుంది. నాలుగు మూలలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. మడత మీద మడత పడితే అక్కడ గడ్డలా లేస్తుంది, సూది దిగదు.

రెండో మెట్టు త్రికోణాలు. ఇక్కడ కొత్త చిక్కు గుడ్డ సాగడం. నిలువు పోగు, అడ్డపోగు వెంట గుడ్డ అంతగా సాగదు. ఐమూలగా కత్తిరిస్తే రబ్బరులా సాగుతుంది. జాకెట్టు మెడకు క్రాసు పట్టీ వేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. మెడ దగ్గర అది మనకు మేలు చేస్తుంది, బొంతలో కీడు చేస్తుంది. కనుక ముందే త్రికోణాలు కత్తిరించకండి. రెండు రంగుల గుడ్డల్లో ఐదు అంగుళాల చదరపు ముక్కలు ఒక్కొక్కటి తీసుకోండి. మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, పైన ఐమూలగా ఒక గీత గీయండి. ఆ గీతకు అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేయండి. తరువాత గీత వెంట కత్తిరించండి. విప్పితే రెండు రంగుల త్రికోణాలు కలిసిన చదరాలు రెండు వస్తాయి. వాటిని నాలుగున్నర అంగుళాలకు సరిచేసుకోండి. కుట్టు పడ్డాకే కత్తెర పడింది కనుక గుడ్డ సాగే వీలు తక్కువ. ఇస్త్రీ పెట్టెను వాటి మీద ఈడ్చకుండా, అద్ది తీయండి.

మూడో మెట్టు, గుడ్డ మీద గుడ్డతో పువ్వులు, ఆకులు, పక్షులు కుట్టడం. ఒడిశాలోని పిప్పిలి ఈ పనికి పేరుపొందిన ఊరు. పూరీ రథయాత్రకు రథాల మీద కప్పే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుడ్డలు, చందువాలు ఈ పనితనానికి చెందినవే. ఇందులో కష్టం ఒంపుల దగ్గర ఉంటుంది. ఆకారం చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించి, ఆ వదిలిన గుడ్డను లోపలికి మడవాలి. ఒంపు లోపలికి తిరిగేచోట మడత బిగుసుకుపోతుంది. అక్కడ కత్తెర మొనతో చిన్న చిన్న గాట్లు పెడితే విచ్చుకుని ఒదుగుతుంది. గాటు గీత దాకా వెళ్ళకూడదు. కాస్త ముందే ఆగాలి. మొదటిసారికి గుండ్రటి రేకులున్న పువ్వు ఎంచుకోండి. నెమలి తరువాత చూసుకోవచ్చు.

కష్టమైన బొంత అంటే ప్రతిసారీ స్కేలూ లెక్కలూ ఉండాలని లేదు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. ఆ స్త్రీలు కుట్టే బొంతను ‘కవంది’ అంటారు. వారు ముక్కలన్నీ ముందుగా కలిపి పెట్టుకోరు. అడుగు గుడ్డ పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్క అంచు మడిచి పెట్టడం, కుట్టడం, పక్కన మరో ముక్క పెట్టడం, ఇలా చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. అతకడమూ, పొరలు కలపడమూ ఒకే కుట్టుతో అయిపోతాయి. చివర నాలుగు మూలలా మడత మీద మడత పెట్టిన చిన్న ముక్కలు కుడతారు. వాటిని వారు పువ్వులంటారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు. కొలతలంటే బెదిరేవారు ఈ పద్ధతిలో ఒక చిన్న బొంత కుట్టి చూడండి. అడుగు గుడ్డ ముడతపడకుండా చూసుకోవడమే ఇందులో కష్టం.

ఇప్పుడు గుడ్డ సంగతి. గంతకు తగ్గ బొంత అని సామెత ఉండనే ఉంది. ముక్కకు తగ్గ ముక్క కలపాలి. కొత్త నూలుగుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, పాలియెస్టరు కుంచించుకోదు. రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకులోనే ముడతలు పడతాయి. కొత్త గుడ్డను ముందుగా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోండి. ముదురు ఎరుపు, నీలం గుడ్డలను తెల్లగుడ్డ తడిపి దానితో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్క వద్దు. పాత చీరలో కూర్చునే చోట, మోకాళ్ళ దగ్గర నేత పలచబడి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెలుస్తుంది. అలాంటి భాగం లోపలి పొరకు వాడుకోండి, పైకి తేకండి. పాత పట్టు మడతల దగ్గర చిట్లుతుంది. వాడాలనుకుంటే దాని వెనక పలచని నూలుగుడ్డ వేసి, రెండూ కలిపి ఒకే గుడ్డగా కత్తిరించుకోండి.

కాన్పు ఇంటికి ఇచ్చే బొంతలో మాత్రం నూలే వాడండి. పొత్తిళ్ళలో బిడ్డకు పాత చీరంత మెత్తన మరొకటి లేదు. సండూరు లంబాడీ పనిలో కనిపించే అద్దాలు, గవ్వలు చూడముచ్చటగా ఉంటాయి. అవి సంచికి, గోడకు వేసే గుడ్డకు బాగుంటాయి. పసిబిడ్డ బొంతకు అద్దం గానీ, పూస గానీ, గుండీ గానీ కుట్టకండి. ఊడితే నేరుగా నోట్లోకి పోతుంది.

పై గుడ్డ పూర్తయ్యాక పొరలు కలపాలి. అడుగు గుడ్డ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దదిగా ఉండాలి. నేల మీద పరిచి, ముడతలు లేకుండా లాగి, అంచులకు బరువులు పెట్టండి. లోపలి పొరలు, పై గుడ్డ వేసి, మధ్య నుంచి అంచులకు బెత్తెడు దూరంలో కచ్చా కుట్లు వేయండి. అసలు కుట్టు కూడా మధ్య నుంచే మొదలుపెట్టాలి. అంచు నుంచి వస్తే మిగిలిన వదులంతా మధ్యలో చేరి ముడత అవుతుంది. మిషను మీద వేసేవారు 16 నంబరు సూది పెట్టి, కుట్టు కాస్త పొడవు చేసుకోండి. పొరలు మరీ మందమైతే చేతికుట్టే మేలు.

ఈ చేతికుట్టు ఎంత శ్రమో కూడా లెక్క చూద్దాం. ఇందాకటి 60, 84 అంగుళాల బొంతకే అంగుళం ఎడంగా పొడవునా వరుసలు వేస్తే, సుమారు 60 వరుసలు. మొత్తం 420 అడుగుల కుట్టు. అంగుళానికి నాలుగు కుట్ల లెక్కన ఇరవై వేల కుట్లు. అర అంగుళం ఎడంగా వేస్తే దీనికి రెట్టింపు. ‘పాత గుడ్డలే కదా, ఒకటి కుట్టిపెట్టు’ అని ఎవరైనా అడిగినప్పుడు ఈ లెక్క మీకు గుర్తుండాలి. గుడ్డ పాతదే కావచ్చు, ఇరవై వేల కుట్లు కొత్తవి. డబ్బుకు కుట్టేవారు రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నారో గోడ క్యాలెండరు మీద రాసుకోండి. వెల చెప్పేటప్పుడు ఆ గంటలకు కూలి కట్టండి.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అమ్మ కట్టిన చీర, పోయిన పెద్దల పంచె, అమ్మమ్మ దాచిన జాకెట్టుగుడ్డ, ఇలాంటివి కలిపి బొంత కుట్టాలని చాలామందికి ఉంటుంది. కష్టమైన పనికి పూనుకోవడానికి అసలు కారణం కూడా చాలాసార్లు అదే. ఆ గుడ్డ మీద కత్తెర ఒక్కసారే పడుతుంది. తప్పు కోస్తే మళ్ళీ ఏ అంగట్లోనూ దొరకదు. కనుక మొదట మీరు అనుకున్న నమూనాలో ఒకే ఒక గడి, పనికిరాని గుడ్డతో కుట్టండి. దాన్ని రెండుసార్లు ఉతికి ఆరేయండి. మూలలు నిలిచాయా, కుట్లు పట్టుగా ఉన్నాయా చూడండి. తరువాత అదే నమూనాలో తొమ్మిది గడులతో మూడడుగుల చిన్న బొంత కుట్టండి. అది కుదిరాకే అమ్మ చీర పెట్టెలోంచి తీయండి. తీసినా మొత్తం ఒకేసారి కోయకండి. ఒక గడికి సరిపడే ముక్కలు కోసి, కుట్టి, కొలిచి, అప్పుడు మిగతాది కోయండి. కొంగు చివర మాత్రం ఒక జానెడు దాచి ఉంచండి. ఎప్పుడైనా చిరిగినచోట అతుకు వేయడానికి అదే గుడ్డ కావాలి.

మీ ఇంట్లోనో వీధిలోనో బొంతలు కుట్టిన పెద్దమ్మలు ఉంటే, కోసేముందు ఆ గుడ్డలు తీసుకెళ్ళి ఒకసారి చూపించండి. వేళ్ళతో తడిమి ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పగలరు. ఆ ఎరుక పుస్తకంలో చదివితే పట్టుబడదు, పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

బొంత పూర్తయ్యాక వెనకవైపు ఒక మూల, ఎవరి చీరలతో కుట్టారో, ఏ సంవత్సరంలో కుట్టారో దారంతో రాయండి. మన పిల్లల్లో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకుంటున్నారు. ఆ నాలుగు మాటలు తెలుగులో కుట్టండి. రేపు వాళ్ళు బొంత మడత పెడుతూ, ఇది ఏమిటని అడిగితే చదివి చెప్పవచ్చు.

ఈ వారం ఒక అట్టముక్క కోసి, ఒక్క గడితో మొదలుపెట్టండి.