అయిదవ తరగతివారి గోదావరి పరిశోధన

ఆదివారము సాయంకాలము నెట్ సెంటరు ముందు నిలుచున్నవారిలో పిల్లల తలిదండ్రులు తప్పక కనబడుదురు. మరునాడు బడిలో ఒప్పగింపవలసిన ప్రాజెక్టు ఇంకను ఆరంభమే కాలేదు. అంశము పేరు చెప్పినంతనే దుకాణమాయన నాలుగు మీటలు నొక్కి, రంగుబొమ్మలతో సహా పది పన్నెండు కాగితములు అచ్చువేసి యిచ్చును. తల్లి వానిని కత్తిరించి చార్టుపై అంటించును. తండ్రి శీర్షిక వ్రాయును. పిల్లవాడు అడుగున తన పేరు వ్రాయును. ఆ పేరు తప్ప ఆ చార్టులో పిల్లవానిది ఏదియు లేదు. ఇటీవల ఆ శ్రమయు తగ్గినది. ఇంటిలోని ఫోనుతో నోట చెప్పిన చాలును, కృత్రిమ మేధ వ్యాసమంతయు కూర్చి యిచ్చుచున్నది. ఈ పత్రిక చదువు కుటుంబములలో ననేకులు ఈ పని చేసియే యుందురు, మేమును చేసితిమి. కావున ఎవరినో తప్పుపట్టుటకై ఈ ప్రసంగము చేయుట లేదు.

ఒకసారి మా బంధువుల యింట అట్టి చార్టు నొకదానిని చూచితిమి. అది గోదావరిని గూర్చినది. చూచుటకు ముచ్చటగా నున్నది. దానిపై పేరు వ్రాసికొన్న అయిదవ తరగతి బాలికను దగ్గరకు పిలిచి, "గోదావరి ఏ సముద్రంలో కలుస్తుందమ్మా?" అని యడిగితిమి. ఆ సంగతి చార్టులో మూడు చోట్ల నున్నది. బాలిక చార్టు వంక చూచెను. పిదప తల్లి వంక చూచెను. ఆ ప్రాజెక్టునకు పూర్తి మార్కులు వచ్చినవని తరువాత తెలిసినది.

ఆ మార్కులు దేనికి వచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో విద్యాప్రమాణము లనగా నేమో తెలిసికొనవలెను. ప్రమాణమను మాటకు మన భాషలో కొలత యను నర్థము కలదు, ఋజువను నర్థము కలదు, ఒట్టు అను నర్థమును కలదు. బడి విషయమున మొదటి రెండును మనకు కావలసినవి. పాఠము ఎన్ని పుటలు పూర్తియైనదన్నది విద్యాప్రమాణము కాదు. ఆ పాఠము ముగియునప్పటికి పిల్ల తనంతట తాను ఏమి చేయగలదో, అది ప్రమాణము. 1991లో దేశమునకంతకు "కనీస అభ్యసన స్థాయిలు" అను పేర ఇట్టి పట్టిక యొకటి వెలువడినది. 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చినది. ఆ చట్టము పిల్లవాని నేర్పును ఏడాది పొడుగునను పరిశీలించుచుండవలెనని చెప్పినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2011లో రాష్ట్ర విద్యాప్రణాళిక సిద్ధమై, తరువాత వచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక్కొక్క విషయమునకు విద్యాప్రమాణములు వేరువేరుగా నిర్ణయింపబడినవి. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు "అభ్యసన ఫలితములు" అను పేర తరగతివారీగా మరియొక పట్టిక ప్రకటించిరి.

ఆ పుస్తకములలోని ప్రమాణములను చూచిన తలిదండ్రులు అరుదు. పరిసరముల విజ్ఞానమున విషయావగాహన యొక్కటియే కాదు, ప్రశ్నించుట, పరికల్పన చేయుట, ప్రయోగము చేసి చూచుట, సమాచారము సేకరించుట కూడ ప్రమాణములే. గణితమున సమస్యను సాధించుటతో పని తీరదు. కారణము చెప్పవలెను, లెక్కను నిత్యజీవితముతో అనుసంధింపవలెను. తెలుగున ధారాళముగా చదువుట యెంతో, స్వీయరచనయు అంతే. స్వీయరచన యన్న మాటను మన మొక్కసారి నిదానించి చదువవలెను.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పెదము. నిరంతర సమగ్ర మూల్యాంకనమను పేర ఆ కాలమున వచ్చిన పద్ధతిలో ఏటికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనములు. ప్రతిదానిలోను ప్రతి విషయమునకు ఒక ప్రాజెక్టు. అయిదవ తరగతిలో తెలుగు, ఆంగ్లము, గణితము, పరిసరముల విజ్ఞానము అని విషయములు నాలుగు. నాలుగు నాళ్ల పదునారు! పదేండ్ల పిల్ల ఏటికి పదునారు పరిశోధనలు చేయుట మాట యటుంచి, పట్టభద్రులే చేయజాలరు. నెట్ సెంటరు కిటకిటలాడుటకు కారణము తలిదండ్రుల సోమరితనము కాదని మా యభిప్రాయము. ఒకే పరిశోధనను నాలుగు విషయముల ప్రమాణములతోను కొలువవచ్చునన్న ఊహ మనకు తట్టకపోవుటయే కారణము. ప్రాథమిక పాఠశాలలో తరచు ఒకే ఉపాధ్యాయుడు అన్ని విషయములును బోధించుచుండును గదా, ఇది కష్టమైన పనియు కాదు. అమెరికాలో 2010లో వెలువడిన "కామన్ కోర్" ప్రమాణములు సైతము అయిదవ తరగతి పిల్లవాడు చిన్న పరిశోధన చేయవలెననియు, ఒక చోట గాక పలు చోట్ల వెదకవలెననియు, చదివినదానిని తన మాటలలో వ్రాసి ఎక్కడ చదివెనో చెప్పవలెననియు కోరుచున్నవి.

ఆ బాలిక వేసవి సెలవులలో మా యింటికి వచ్చినప్పుడు ఈ ఊహను పరీక్షించి చూచితిమి. అంశము అదియే, గోదావరి. చార్టు మాత్రము లేదు. నలుబది పుటల నోటు పుస్తక మొకటి ఇచ్చితిమి. ఫోనులో "గోదావరి" అని కొట్టినది. వచ్చినవానిలో 2006లో విడుదలయిన చలనచిత్రము ఒకటి, రైలుబండి ఒకటి, భోజనశాలలు కొన్ని. నది యెక్కడనో అడుగున నున్నది. "గోదావరి నది పుట్టిన చోటు" అని మార్చి అడిగిన తరువాత త్ర్యంబకేశ్వరము దొరికినది. తనకేమి కావలెనో దానినే మాటలలో పెట్టుట అంత సులభము కాదు. అది భాషకు సంబంధించిన నేర్పు. దానిని కంప్యూటరు విద్యలో జమకట్టుట మన పొరపాటు.

నాసిక్ జిల్లాలోని ఆ పుట్టుక చోటు అరేబియా సముద్రమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరముననే కలదని చదివి, బాలిక కొంతసేపు ఊరకుండి, "తాతయ్యా, సముద్రం అంత దగ్గర్లో ఉంటే అటు పోకుండా ఇటెందుకు వచ్చింది?" అని యడిగినది. పరిశోధన అప్పుడు మొదలైనది. అంతవరకు జరిగినది వెదకుట మాత్రమే.

సమాధానము మేము చెప్పలేదు. ఫోనును కూడ కొంతసేపు ప్రక్కన పెట్టించితిమి. "నీకేమి తోచుచున్నదో ముందు వ్రాయుము" అంటిమి. ఎవరో రాజు కాలువ త్రవ్వించి యిటు మళ్లించి యుండునని మొదట వ్రాసినది, కొండ అడ్డము వచ్చియుండునని తరువాత వ్రాసినది. పరికల్పన యనగా ఇదియే. రెండవదానిని పరీక్షించుటకు వంటింటి పళ్లెము చాలినది. దాని నొకవైపు ఇటుకముక్కపై ఎత్తిపెట్టి, ఎత్తయిన అంచు దగ్గరనే నీరు పోసినది. అంచు నాలుగు వేళ్ల దూరములో నున్నను నీరు దానిని దాటలేదు. పళ్లెమంతయు నడచి దిగువ అంచునకు పోయినది. పిదప భారతదేశపు నైసర్గిక పటమును తెరపై తెరచి చూచితిమి. పడమటి కనుమలు ఎత్తయిన అంచు. దక్కను పీఠభూమి తూర్పునకు వాలిన పళ్లెము. ఆమెకు ఇంక చెప్పవలసిన పని లేకపోయినది.

గణితము తనంతట తానే వచ్చినది. నది పొడవు ఒక పుటలో 1465 అనియు, మరియొక పుటలో 910 అనియు నున్నది. రెండింటిలో నొకటి తప్పని బాలిక తీర్మానించి, తప్పు పుట యేదో చెప్పుమని మమ్ము అడిగినది. అంకెల ప్రక్కనున్న మాటలు చదువుమంటిమి. మొదటిది కిలోమీటర్లు, రెండవది మైళ్లు. మైలునకు 1.609 కిలోమీటర్లు చొప్పున గుణించినది. 1464 పైచిలుకు వచ్చినది. రెండు పుటలును నిజమే చెప్పినవి. కొలత పేరు లేని అంకె అంకె కాదని పాఠము చెప్పిన నాడు వినని పిల్ల ఆనాడు విన్నది. దగ్గరి సముద్రము కంటె దూరపు సముద్రమునకు నది యెన్ని రెట్లు నడచినదో లెక్కించి, సుమారు పదునెనిమిది రెట్లని తేల్చినది.

రేడియో ఉన్న యిండ్లవారికి గోదావరి లెక్కలు క్రొత్త కావు. వానకాలపు వార్తలలో భద్రాచలము వద్ద నీటిమట్టము అడుగులలో చెప్పుచుందురు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినది. తేడా 4.3 అడుగులు. ఆ తేడా తనకు మెడవరకు వచ్చునని బాలిక గోడ దగ్గర నిలిచి కొలిచి చూపినది. దశాంశములను తీసివేయుట ఆమెకు ముందే తెలియును. అవి నీళ్లని ఆ పూట తెలిసినది. మా యింటి యామె 1986 వరదనాడు భద్రాచలముననే యుండెను. "అమ్మమ్మా, అప్పుడు నువ్వేం చూశావో చెప్పు" అని బాలిక ఆమెను కూర్చుండబెట్టి, అడిగినవానిని అడిగినట్లే వ్రాసికొన్నది. రేడియోలో అడుగులు చెప్పుచుండగా గోడపై బొగ్గుతో గుర్తు పెట్టుకొనుచుంటిమని ఆమె చెప్పినది. ఈ సంగతి ఏ తెరమీదను దొరకదు.

తెరమీద దొరకు సంగతులను ఎంతవరకు నమ్మవలెనన్న ప్రశ్న మిగిలినది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా పిల్లలకు ఎంతో ఉపకారము చేయుచున్నది. అయినను అందు ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. కావున ఏ సంగతినైనను రెండవ చోట చూచిన పిమ్మటనే నోటు పుస్తకమున వ్రాయవలెనని ఒక నియమము పెట్టితిమి. ప్రక్కన ఎక్కడ చూచినదో ఒక మాట. అంతకు మించిన కట్టుబాటు పదేండ్ల పిల్లకు అక్కరలేదు.

పాత చార్టులో నది "ఉద్భవించి" యున్నది. ఉద్భవించుట యనగా నేమని యడిగిన బాలికకు నాడు తెలియలేదు. ఇప్పుడు వ్రాసిన పదునాలుగు పంక్తులలో ఆ మాట లేదు. "పక్కనే సముద్రం ఉన్నా గట్టు ఎక్కలేక గోదావరి మన ఊళ్ల మీదుగా నడిచి వచ్చింది" అని యున్నది. నది గట్టు ఎక్కలేకపోయినదనుట శాస్త్రీయముగా సరియేనా యని ఎవరైనను అడుగవచ్చును. పళ్లెము చూచినవారు అడుగరు. ఆంగ్లమున నాలుగు చిన్న వాక్యములు వ్రాసినది. ఒకదానిలో క్రియ తప్పు. దిద్దలేదు, అది ఉపాధ్యాయుని పని.

ఈ పనికి నాలుగు దినములు పట్టినది, దినమునకు గంట చొప్పున. అందు ఫోను చేతిలో నున్నది మొత్తము మీద గంట కంటె తక్కువ. మా వంతు శ్రమ యెక్కువగా నోరు మూసికొనుటయే. అలవాటు లేనివారికి అది కష్టమే. ఆ నోటు పుస్తకమును ఉపాధ్యాయుడు తెలుగునకు ఒకసారి, గణితమునకు ఒకసారి, పరిసరముల విజ్ఞానమునకు ఒకసారి, ఆంగ్లమునకు ఒకసారి తెరచి, ఆయా ప్రమాణములతో చూచి మార్కులు వేయవచ్చును. పదునారు చార్టులకు బదులు ఏటికి నాలుగు పుస్తకములు చాలును.

ప్రయాణపు నాడు బాలిక పటము ముందు మరల కూర్చున్నది. కృష్ణయు పడమటి కనుమలలో పుట్టి తూర్పునకే వచ్చినదని చూచి తల యూపినది. వ్రేలిని పైకి జరిపి ఒక చోట నిలిపినది.

"పళ్లెం తూర్పుకి వాలి ఉంది కదా తాతయ్యా, మరి నర్మద పడమరకి ఎలా పోతోంది?"

బండికి ఇంకను గంటన్నర వ్యవధి యుండెను. నోటు పుస్తకము సంచిలోనుండి మరల బయటకు వచ్చినది.