గర్భిణికి మలేరియా మాత్ర ఎందుకు?

తల్లాడ నుండి కొత్తగూడెము పోవు రోడ్డు మీద జూలూరుపాడు ఉన్నది. 2016 వరకు ఖమ్మం జిల్లాలోను, అటుపిమ్మట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరిన మండలమిది. ఒక ప్రక్క పత్తి, మిరప చేలు. మరొక ప్రక్క భద్రాచలము వైపు సాగిపోవు అడవి. కోయలు, లంబాడీలు నివసించు ఈ అడవి అంచు పల్లెలకు చలిజ్వరము క్రొత్త కాదు. క్లోరోక్విన్ అను పేరు నోరు తిరుగనివారు కూడ మలేరియా మాత్ర అనగానే ఆ చేదును గుర్తు తెచ్చుకొందురు.

ఇట్టి పల్లెలో ఒక యువతిని ఊహింతము. ఆమెకు మలేరియా లేదు. అయినను పెద్ద ఆసుపత్రిలోని వైద్యుడు మలేరియా మాత్రకు తోబుట్టువు వంటి మాత్రను రోజూ వేసికొమ్మని వ్రాసి ఇచ్చినాడు. కొన్నాళ్ళకు ఆమె నెల తప్పినది. ఇంటిలోని పెద్దలు ఏమందురు? "జ్వరము లేనిదే జ్వరపు మాత్ర ఎందుకమ్మా? కడుపుతో ఉన్నదానివి, వేడి చేస్తుంది, మానెయ్యి" అందురు. ఈ మాట పైకి ఎంతో సబబుగ తోచును. కాని ఆమెకు ఉన్నది లూపస్ వ్యాధి అయినచో ఆ మాత్రను మానుటయే తల్లికిని బిడ్డకును ముప్పు తెచ్చును. ఈ చిక్కు విడవలెనన్న ముందుగా ఆ వ్యాధి ఎట్టిదో తెలియవలెను.

లాటిన్ భాషలో లూపస్ అనగా తోడేలు. ముఖము మీది పుండ్లు తోడేలు కొరికిన గాట్లవలె ఉండునని మధ్యయుగపు ఐరోపా వైద్యులు ఈ పేరును పలు చర్మవ్యాధులకు కలిపి వాడిరి. 1851లో ఫ్రెంచి వైద్యుడు కజెనావ్ వానిలో ఒకదానిని 'లూపస్ ఎరిథెమటోసస్' అని వేరుచేసి చూపెను. అది చర్మముతో ఆగక లోపలి అవయవములకును ప్రాకునని 1872లో వియన్నా నగరములో కపోసి వెల్లడించెను.

శరీరములో చొరబడు సూక్ష్మజీవులను పట్టుటకు రక్తములో ప్రతిరక్షకములు అను ప్రోటీనులు తయారగును. ఏది తనది, ఏది పరాయిది అను వివేకము ఈ ఏర్పాటునకు ప్రాణము. లూపస్ వ్యాధిలో ఆ వివేకము తప్పును. మన కణములు నిత్యము వేలకొలదిగ చచ్చుచుండును. ఆ చెత్తను వెంటనే ఊడ్చివేయనిచో కణకేంద్రములోని డి.ఎన్.ఏ. వంటి పదార్థములు బయటపడును. వానిని శత్రువులుగ ఎంచి శరీరము ప్రతిరక్షకములను తయారుచేయును. ఈ రెండును కలిసిన ముద్దలు రక్తములో తిరిగి తిరిగి మూత్రపిండముల వడపోత గొట్టములలోను, కీళ్ళలోను, చర్మములోను చిక్కుకొని అచ్చట మంట పుట్టించును. కాపలాకుక్క దొంగను విడిచి ఇంటివారినే కరచినట్లన్నమాట. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి కంచములో మరొకరు తిన్నంత మాత్రమున సోకదు.

జ్వరము, కీళ్ళనొప్పులు, జుట్టు రాలుట, నోటిలో పుండ్లు, కాళ్ళవాపు – ఇవి దీని గుర్తులు. వీనిలో ఏ ఒక్కటియు దీనికే ప్రత్యేకము కాదు. మలేరియా తిరుగు సీమలో జ్వరమనగానే మలేరియా అని ఎంచి రక్తపు చుక్కను పరీక్షించుట సరియే. మాటిమాటికి జ్వరము వచ్చుచు, రక్తములో మలేరియా క్రిమి ఏనాడును కనబడక, వ్రేళ్ళ కణుపులు ఉదయమున బిగుసుకొనుచున్నచో మాత్రము ఆలోచన మార్చుకొనవలెను. బుగ్గలమీద సీతాకోకచిలుక రెక్కలవలె పరచుకొను మచ్చ ఉన్న పక్షమున అనుమానము బలపడును. దీనిని మంగు అనుకొని ఊరకుండుట కద్దు. మంగు గోధుమవన్నెతో చదునుగ ఉండును, కాన్పు రోజులలో చాలమందికి వచ్చును. లూపస్ మచ్చ ఎర్రబారి, కొంచెము ఉబ్బి ఉండును. నల్లని చర్మము మీద ఆ ఎరుపు ఊదాగ మారి సరిగ కనబడకపోవచ్చును. ముక్కు ప్రక్కల మడతలను మాత్రము అది సాధారణముగ వదలివేయును. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములను చంపును గనుక, మిరపకాయలు కోయు రోజులలో వ్యాధి పెచ్చు పెరుగుటకు వీలున్నది. మిరప ఘాటు తగులకుండ స్త్రీలు మొగమునకు గుడ్డ చుట్టుకొను అలవాటు ఈ రోగులకు ఒక విధముగ మేలే.

రోగులలో పదిమందికి సుమారు తొమ్మిదిమంది స్త్రీలు. వారిలోను ఎక్కువమంది 15 ఏండ్లకు, 45 ఏండ్లకు నడుమనున్నవారు. అనగా పెండ్లి, కాన్పు జరుగు వయస్సు. దీనికి స్త్రీ హార్మోనులు కొంత కారణము, ఎక్స్ క్రోమోసోము మరికొంత. స్త్రీ కణములలో ఎక్స్ క్రోమోసోములు రెండుండగా కణము ఒకదానిని మూసి ఉంచును. కాని నిరోధక శక్తికి సంబంధించిన కొన్ని జన్యువులు ఆ మూతను తప్పించుకొని పనిచేయుచునే ఉండును. రెండు ఎక్స్‌లు, ఒక వై తో పుట్టిన పురుషులలో ఈ వ్యాధి తక్కిన పురుషులలోకన్న ఎన్నో రెట్లు ఎక్కువగ కనబడుట ఈ ఊహకు బలము. తరగతిలో క్రోమోసోముల పాఠము చెప్పునపుడు దీనికి మించిన ఉదాహరణము అరుదు.

గర్భములో జరుగునదేమి?

లూపస్ ఉన్న స్త్రీకి పిల్లలు పుట్టరను మాట నిజము కాదు. వ్యాధి ముదిరినపుడు నెలసరి తప్పుట ఉన్నది. మూత్రపిండములు చెడినపుడు గర్భము నిలుచుట కష్టమగును. సైక్లోఫాస్ఫమైడ్ అను గట్టి మందు వయస్సును, మొత్తము మోతాదును బట్టి అండాశయములను దెబ్బతీయగలదు. అవి తప్పినచో గర్భధారణ శక్తి సాధారణముగ తక్కిన స్త్రీలతో సమానమే. కష్టమంతయు గర్భము నిలిచిన తరువాతనే.

మావి అనునది వేలకొలది సన్నని రక్తనాళముల అల్లిక. లూపస్ రోగులలో కొందరి రక్తములో ఫాస్ఫోలిపిడ్ అను క్రొవ్వు పదార్థముతో చేరిన ప్రోటీనులను పట్టు ప్రతిరక్షకములు ఉండును. ఇవి రక్తమును గడ్డకట్టించును, మావి పెరుగుదలను చెరచును. బిడ్డకు అందవలసిన ఆహారము, ప్రాణవాయువు తగ్గి, మాటిమాటికి గర్భస్రావమగును. లేదా బిడ్డ చిక్కి పుట్టును. ఈ ప్రతిరక్షకముల చరిత్రలో ఒక విషాదమున్నది. సవాయి రోగమునకు చేయు పాత రక్తపరీక్షలో కూడ ఇట్టి క్రొవ్వు పదార్థమునే వాడుదురు. అందుచే లూపస్ స్త్రీకి ఆ రోగము లేకున్నను ఉన్నట్లు ఫలితము రావచ్చును. 1950 తరువాతి దశాబ్దములో వైద్యులు ఈ పొరపాటును గుర్తించిరి. గర్భిణులందరికి చేయు పరీక్షలలో ఇది నేటికిని ఉన్నది గనుక, ఒక స్త్రీని, ఆమె భర్తను అనుమానించుటకు ముందు మరొక పరీక్షతో నిర్ధారణ చేసికొనుట న్యాయము. ఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకములు ఉండి గర్భములు పోయిన వారికి కొద్ది మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ సూదిమందు ఇచ్చి కాన్పు వరకు కాపాడుదురు.

మరొక చిక్కు గుర్రపువాతపు ముందు దశ. రక్తపుపోటు పెరిగి, మూత్రములో ప్రోటీను పోయి, కాళ్ళు వాచును. లూపస్ మూత్రపిండములను పట్టినను సరిగ్గా ఇవే గుర్తులు! మొదటిదైనచో కాన్పు చేయుటయే విరుగుడు. రెండవదైనచో నిరోధక శక్తిని అణచు మందులు కావలెను. మూత్రములో ఎర్రకణముల అచ్చులు కనబడుట, రక్తములో కాంప్లిమెంట్ అను ప్రోటీను తగ్గుట లూపస్ వైపు వ్రేలు చూపును. అయినను అనుభవజ్ఞులకు సైతము ఇది సందిగ్ధమే. ఇట్టి స్త్రీ పురుడు ఇంటిలో పోయుట ఎంతమాత్రము తగదు. పేరున్న కీళ్ళ, నిరోధక వ్యాధుల విభాగము హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో కలదు. కాని నెలనెల రక్తపుపోటు చూచి, మూత్రము పరీక్షించు పని దగ్గరి ఆరోగ్య కేంద్రములోనే జరుగగలదు.

భయమునకు తగిన ధైర్యమును ఉన్నది. 1960–65 నడుమ ప్రకటింపబడిన లెక్కలలో లూపస్ స్త్రీల గర్భములు నూటికి సుమారు 43 నష్టమయ్యెడివి. 2000–03 నాటికి అవి 17కు దిగినవి. అమెరికా, కెనడా దేశములలో వ్యాధి అణగి ఉన్నపుడు గర్భము దాల్చిన 385 మందిని పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితము ప్రకారము నూటికి 81 మందికి పెద్ద చిక్కు ఏదియు రాలేదు. వ్యాధి అణగి ఉన్నపుడు అనుటలోనే కీలకమున్నది. కనీసము ఆరు నెలలు వ్యాధి సద్దుమణగిన తరువాత గర్భము ధరింపవలెను. అంతవరకు ఆగుటకు కాపర్-టి మంచి సాధనము. ఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకములు ఉన్నవారికి ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు తగవు. అవి రక్తము గడ్డకట్టు గుణమును హెచ్చించును.

చేదు బెరడు చేసిన మేలు

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. సింకోనా బెరడునుండి తీసిన క్వినైను లూపస్ మచ్చలకు పనిచేయునని 1894లోనే లండను వైద్యుడు పేన్ చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధములో క్వినైను చిక్కక, మెపాక్రిన్ అను పసుపుపచ్చని మాత్రను సైనికులకు మలేరియా రాకుండ ఇచ్చిరి. ఒళ్ళు పసుపు తిరుగుట దాని దోషము. ఆ మాత్ర లూపస్‌ను తగ్గించుటను 1951లో పేజ్ అను ఆంగ్ల వైద్యుడు ప్రకటించెను. క్లోరోక్విన్ అణువునకు ఒక హైడ్రాక్సిల్ గుంపు చేర్చి 1946లో తయారుచేసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అంతకన్న సౌమ్యమైనది. 1955 నుండి అది వాడుకలో ఉన్నది.

మలేరియా క్రిమి మీద, లూపస్ మీద ఒకే మందు ఎట్లు పనిచేయును? కణములలో ఆమ్లము నిండిన చిన్న సంచులు కలవు. ఈ మందు క్షారగుణము కలది గనుక వానిలో చేరి ఆమ్లతను తగ్గించును. మలేరియా క్రిమి రక్తపు ఎరుపును అరిగించుకొనునది ఇట్టి సంచిలోనే. మందు చేరినపుడు ఆ ఆహారపు విషమే దానిని చంపును. లూపస్‌లోనో, ఆ సంచులలోనే డి.ఎన్.ఏ. ముక్కలు తగిలి ప్రమాదఘంట మ్రోగును. ఆమ్లత తగ్గగా ఆ ఘంట మందగించును. పని నెమ్మది, ఫలము తెలియుటకు వారములు, నెలలు పట్టును. మానిన వెంటనే చెడు కనబడదు. మానిన రోగికి "ఏమీ కాలేదే" అనిపించుట ఇందువలననే. 1991లో కెనడా వైద్యులు నిలకడగ ఉన్న 47 మందిని రెండు జట్లుగ చేసి, ఒక జట్టునకు ఈ మాత్రను, రెండవ జట్టునకు అదే రూపున ఉన్న ఉత్తమాత్రను ఇచ్చిరి. మందు ఆగిన జట్టులో వ్యాధి తిరుగబెట్టుట రెండున్నర రెట్లు ఎక్కువయ్యెను. గర్భిణులలోను మాత్ర మానినవారికే బాధ హెచ్చినది. అందుచే గర్భకాలమంతయు దీనిని కొనసాగింపుమని వైద్యుల మాట. బరువును బట్టి మోతాదు నిర్ణయించి, ఏండ్ల తరబడి వాడువారికి కంటిపొరను పరీక్షింతురు. ఇంటిలో మిగిలిన క్లోరోక్విన్‌ను దీనికి బదులు వాడుట మాత్రము ప్రమాదము.

గర్భిణి మానవలసిన మందులు వేరే ఉన్నవి. వానిలో ఒకదానికి తెలుగువారితో సంబంధము. 1931లో లూసీ విల్స్ బొంబాయిలోని పేద గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుట చూపినది. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలెను. దానిని 1945లో కృత్రిమముగ తయారుచేసినది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల. పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ అణువునే కొంచెము మార్చగా మెతోట్రెక్సేట్ వచ్చెను. తాళములో దూరి తిరుగక ఇరుక్కొను దొంగ తాళపుచెవి వంటిదది, కణవిభజనను ఆపును. లూపస్ కీళ్ళనొప్పులకు అది మంచి మందే. కాని పిండమనగా కణవిభజనయే గదా! గర్భము కోరుటకు ఒకటి నుండి మూడు నెలల ముందే దానిని ఆపి, ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనవలెను. మైకోఫినోలేట్‌ను ఆరు వారముల ముందే మానవలెను. అజాథయోప్రిన్, కొద్ది మోతాదు ప్రెడ్నిసోలోన్ వంటివి గర్భములోను చెల్లును. ఏది ఆపవలెనో ఏది ఆపరాదో వైద్యునితో మాటాడక నిర్ణయించినచో సాధారణముగ తలక్రిందులగును.

బిడ్డ మాటేమి? తల్లి ప్రతిరక్షకములు మావి దాటి బిడ్డకు చేరును. రో అను పేరుగల రకము ఉన్నచో కొందరు శిశువుల ముఖముపై మచ్చలు కనబడును. తల్లినుండి వచ్చినవి అరిగిపోగానే, అనగా ఆరు, ఎనిమిది నెలలలో అవి మాసిపోవును. నూటికి ఇద్దరిలో మాత్రము గుండె కొట్టుకొను లయను నడుపు తీగ తెగి, గుండె నెమ్మదించును, ఇది మాసిపోదు. అందుచే నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు పిండము గుండెను ధ్వనితరంగములతో చూతురు. ఒకసారి ఇట్టి బిడ్డ పుట్టిన తల్లికి మరుకాన్పులో అదే జరుగు అవకాశము ఎక్కువ. ఆ అవకాశమును ఆ మలేరియా మాత్రయే సుమారు సగమునకు తగ్గించునని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. కాన్పు తరువాతి నెలలలో తల్లికి వ్యాధి తిరుగబెట్టుట కద్దు. బిడ్డకు పాలిచ్చు రోజులలోను ఈ మాత్రను వాడవచ్చును.