వివరణ పత్రాల పరిశీలన

కంప్యూటరులోని యంత్రభాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ నిలిచి పనులు నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ప్రధానభాగం కెర్నెల్. ఈ మాటకు గింజలోని పప్పు అని అర్థం. ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లు మొదలుకొని సూపర్ కంప్యూటర్ల వరకు పనిచేస్తున్నది.

కెర్నెల్‌లో ఏ క్షణాన ఏ ఫంక్షన్ నడుస్తున్నదో తెలుసుకొనే సాధనాలలో ఎఫ్‌ట్రేస్ ముఖ్యమైనది. స్టీవెన్ రోస్టెడ్ ప్రధాన రూపకర్తగా తయారైన ఈ సాధనం 2008లో లినక్స్‌లో చేరింది. కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడే దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట ఒక చిన్న ఆదేశం చేరుతుంది. సాధారణంగా ఆ ఆదేశాలు ఏ పనీ చేయక నిద్రాణంగా ఉంటాయి. అవసరమైనప్పుడు వాటిని మేల్కొలిపితే ఫంక్షన్ల జాడలు బఫర్ అనే నిల్వస్థానంలో నమోదవుతాయి. ఆ జాడలను మామూలు ఫైళ్లను చదివినట్లే చదువుకోవచ్చు.

ఈ సాధనాన్ని వాడే పద్ధతిని తెలిపే వివరణ పత్రం కెర్నెల్‌తోపాటే లభిస్తుంది. అందులో మార్పు కోరేవారు ప్యాచ్ పంపుతారు. తొలగించిన పంక్తికి ముందు మైనస్, చేర్చిన పంక్తికి ముందు ప్లస్ గుర్తు ఉంటుంది. తెలిసినవారు దానిని పరిశీలించిన పిమ్మట నిర్వాహకులు స్వీకరిస్తారు.

అక్షరదోషాలు దిద్దడం ఈ పరిశీలనలో తేలికైన పని. వాక్యం చెప్పినదీ, కోడ్ చేసేదీ ఒకటేనా అని నిర్ధారించుకోవడమే కష్టం. ఉదాహరణకు, 'బఫర్ పరిమాణం 4,096 కిలోబైట్లు' అని రాస్తే చాలదు. ఆ పరిమాణం ఒక్కొక్క ప్రాసెసర్‌కు వర్తిస్తుంది. 8 ప్రాసెసర్లున్న యంత్రంలో మొత్తం 32 మెగాబైట్లవుతుంది. 'ఒక్కొక్క' అనే మాట జారిపోతే చదువరి లెక్క తప్పుతుంది. అట్లే 'ట్రేసింగ్ ఆన్' ఫైలులో 0 రాస్తే నమోదు ఆగుతుంది గాని, జాడ తీసే భారం పూర్తిగా తొలగకపోవచ్చు. 'ఆగుతుంది' అని మాత్రమే రాస్తే అది సగం సత్యం.

నిన్నటి సత్యం నేడు అసత్యం కావడం మరొక చిక్కు. పూర్వం 'ట్రేస్' ఫైలును తెరిస్తే, దానిని మూసేవరకు నమోదు నిలిచిపోయేది. 2020లో ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ఫైలు తెరిచినా నమోదు సాగుతూనే ఉంటుంది. పాత పద్ధతి కావలసినవారు 'పాజ్ ఆన్ ట్రేస్' అనే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. కోడ్‌తోపాటు పత్రంలోని వాక్యమూ మారవలసి వచ్చింది. మారని వాక్యాన్ని నమ్మిన ఇంజనీరుకు ఒకే ఫైలు రెండుసార్లు చదివితే రెండు రకాలుగా కనిపించవచ్చు. అతడు లేని దోషం కోసం రాత్రంతా వెదకవచ్చు.

ప్రోగ్రాములో తప్పుంటే యంత్రం ఆగిపోయి మనలను హెచ్చరించవచ్చు. వివరణలో తప్పుంటే ఏ యంత్రమూ ఆగదు. దానిని పట్టుకోవలసినది శ్రద్ధగా చదివే మనిషే.