నల్లమలలోకి అడిగి వెళ్దాం

పిల్లలూ, మీరు మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో బడిలో సభ మొదలయ్యే ముందు ఆ నేలకు అసలు వారసులైన ఆదివాసులను పేరు పెట్టి తలుచుకుంటారు. మన ఉగాది వేడుకల్లో కూడా ఇప్పుడు ఆ మాట వినబడుతోంది. నాకది చాలా సంతోషం. ఆ మాట నేర్చుకున్న మీరు ఈసారి ఫోన్‌లో మీ తాతయ్యనో అమ్మమ్మనో ఒక సంగతి అడగండి. మన ఊరు పుల్లలచెరువు పక్కనున్న నల్లమల అడవిలో మనకంటే ముందు నుంచీ ఉన్నది ఎవరు?

వాళ్లు చెంచులు. పుల్లలచెరువు, యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం వైపు నుంచి విదేశాలకు వెళ్లిన కుటుంబాల్లో చెంచు అనే మాట వినని పెద్దవాళ్లు ఉండరు. అయితే వాళ్లను దగ్గరగా ఎరిగినవాళ్లు తక్కువే. మనది ఊళ్లో వ్యవసాయం, వాళ్లది అడవిలో గూడెం. సంతకు వస్తే చూశాం, జిగురునో తేనెనో కొన్నాం, అంతే. ప్రభుత్వం వారిని దేశంలోని అతి బలహీన గిరిజన సమూహాల జాబితాలో చేర్చింది. ఆ జాబితా ప్రభుత్వ సహాయం కోసం వేసింది, చెంచులంటే ఏమిటో అది చెప్పదు.

చెంచులు మాట్లాడేది తెలుగే, తమదైన యాసలో. వేట, అడవి గడ్డలు, తేనె, జిగురు, చింతపండు, కుంకుడుకాయలు వాళ్ల బతుకుతెరువు. కొండ చరియకు పట్టిన తేనెను తీసే పని గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. పైనుంచి తాడు వేసుకుని, పొగబెట్టి, గాలిలో వేలాడుతూ పట్టు కోస్తారు. పైన ఆ తాడును బావమరిదే పట్టుకోవాలని ఆనవాయితీగా చెబుతారు. చెల్లెలి పసుపు కుంకుమలు చేతిలో ఉన్నవాడు తాడు వదలడని నమ్మకం. ఒక బంధుత్వం మీద ప్రాణం పెట్టుకుని చేసే పని అది. ఏ పూత ఏ నెలలో వస్తుందో, ఏ వాగు ఎప్పటిదాకా పారుతుందో, పులి ఎటు నడిచిందో మట్టిలో చదవగలిగిన వాళ్లు వీళ్లు. నల్లమల పులుల అభయారణ్యంలో కాపలాకూ, జాడ తీయడానికీ అటవీశాఖ చెంచులను పనిలో పెట్టుకుంది. ఇంత తెలిసినవాళ్లను మనవాళ్లు జాలిగా "అమాయకులు" అంటారు. మీరు అనకండి.

దేవుళ్లతో వాళ్ల చుట్టరికం మరీ అందమైనది. శ్రీశైలం మల్లన్న వాళ్లకు అల్లుడు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయనా అల్లుడే. కనుమ మొదలు నలభై రోజులకు పైగా సాగే పారువేటలో స్వామి తన కల్యాణానికి పిలవడానికి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. ఆ ఉత్సవంలో చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. మన అమ్మమ్మలు మొక్కే దేవుడి ఇంట్లో వీళ్లు పిల్లనిచ్చిన మర్యాదస్తులన్నమాట. శివరాత్రికి నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచివెళ్లే భక్తులకు ఈ సంగతి ఎవరైనా చెబితే గూడేలను చూసే చూపు మారుతుందని నా నమ్మకం.

1983లో ఈ అడవి పులుల అభయారణ్యమైంది. పులి బతకాలి, అందులో సందేహం లేదు. కానీ అడవిలో పుట్టినవాడే అడవిలోకి అడుగుపెట్టడానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ అన్యాయాన్ని ఒప్పుకుంది. సాగు చేసుకునే భూమికే కాదు, ఊరుమ్మడి అడవికీ, ఇలాంటి సమూహాలు తరతరాలుగా తిరిగే ఆవాసానికీ హక్కు ఉందని రాసింది. వన్యప్రాణుల కోసం వాళ్లను కదిలించాలంటే గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. చట్టంలో రాసినంత మాత్రాన హక్కు గూడెం చేరదు. దరఖాస్తులు, పటాలు, పెద్దల వాంగ్మూలాలు, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్లు అన్నీ కావాలి.

మీరున్న దేశంలో ఒక కథ ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో కకడు జాతీయ వనం నడుమ జబిలూక యురేనియం గని వద్దని 1998లో ఆ నేల ఆదివాసులైన మిరార్ ప్రజలు నిలబడ్డారు. వాళ్ల పెద్ద ఇవోన్ మార్గరూల మీద తన సొంత నేలలో అడుగుపెట్టినందుకే అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. దేశం నలుమూలల నుంచి వేలమంది అక్కడికి వెళ్లారు, కానీ మిరార్ పిలిస్తే వెళ్లారు, వాళ్లు చెప్పినట్టు నడుచుకున్నారు. 2024లో ఆ లీజు పొడిగింపును ప్రభుత్వం నిరాకరించింది. ఇటు 2019లో నల్లమలలోని అమ్రాబాద్ వైపు యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచులు, వాళ్లతోపాటు ఎందరో కదిలారు. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. తోడు నిలవడమంటే నేను చెప్పే అర్థం ఈ రెండు చోట్లా కనిపిస్తుంది. ముందు నడిచేది వాళ్లు, వెనక బలంగా నిలబడేది మనం.

అడిగి నడుచుకోవడానికి ఆస్ట్రేలియాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఉలూరు కొండ ఎక్కవద్దని ఆ నేల ఆదివాసులైన అనంగు ప్రజలు దశాబ్దాలుగా బతిమాలారు. 2019 అక్టోబరు 26న ఆ కొండ ఎక్కడాన్ని నిషేధించారు. నిషేధం రాకముందే, అడిగిన మాటకే ఆగినవాళ్లు కొందరున్నారు. మీరు వాళ్ల వరసలో ఉండాలని కోరుకుంటున్నాను. సెలవులకు వచ్చి గూడెం చూడాలనిపిస్తే ముందు అక్కడి పెద్దకు కబురు పెట్టండి. వద్దంటే మానేయండి. రమ్మంటే పాత బట్టలు, బిస్కెట్లు పంచి ఫోటోలు తీసుకునే పని పెట్టుకోకండి. ఫోటో కావాలంటే మనిషిని అడగండి, ఆ ఫోటో ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. చెట్టు పేరో పిట్ట పేరో అడిగి కూర్చుంటే మీకు వినడానికి చాలా ఉంటుంది. తేనె కొంటే బేరమాడకండి. దూరంగా ఉంటే గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె కొనండి. చెంచు వేషాన్ని ఈకలతో, వింత కేకలతో నవ్వులాటగా మీ సాంస్కృతిక కార్యక్రమంలో ఎవరైనా వేయబోతే, నిర్వాహకుల దగ్గరికి వెళ్లి వద్దని చెప్పే ధైర్యం చేయండి. వయసు చిన్నదని ఆగకండి.

ఇంకాస్త పెద్దయ్యాక చేయగలిగిన పనులూ ఉన్నాయి. మీలో కంప్యూటర్ మీద పటాలు గీయడం నేర్చుకునేవాళ్లున్నారు, చట్టం చదవబోయేవాళ్లున్నారు. ఊరుమ్మడి అడవి హక్కుకు దరఖాస్తు పెట్టే గూడేనికి సరిహద్దుల పటం కావాలి. ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా తమదో పెద్దలు నడిచి చూపిస్తారు. దాన్ని కాగితం మీదికి ఎక్కించే చెయ్యి కావాలి. గ్రామసభ అడిగితే ఆ చెయ్యి మీది కావచ్చు. పటం గీసిచ్చాక దాని మీద మీ సంఘం పేరు అక్కర్లేదు, గూడెం పేరు చాలు.