మెదడులోని తూము, మూర్ఛ మాత్ర

తరగతిలో పిల్లకు ఫిట్స్ వస్తే ఎవరో ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టడం మేము ఎన్నోసార్లు చూశాం. రెండు నిమిషాల్లో ఫిట్స్ తగ్గితే ఇనుమే తగ్గించిందనుకుంటారు. నిజానికి తగ్గించే ఏర్పాటు మెదడులోనే ఉంది.

మెదడు కణాలు ఒకదానినొకటి ఉసిగొల్పుకుంటూ ఉంటాయి. అవన్నీ ఒక్కసారిగా రేగితే అదే మూర్ఛ. వాటిని 'ఆగు' అని అదుపు చేసే ముఖ్యమైన రసాయనం గాబా. అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ తదితరులు 1950లో దీన్ని మెదడులో గుర్తించారు.

మన కాలువ తూమును తలచుకోండి. కణం గోడలో ఐదు ముక్కలతో కూడిన తూము ఉంటుంది. దాని పేరు గాబా-ఎ గ్రాహకం. గాబా లస్కరు వంటిది. అది వచ్చి తాకితే తూము తెరుచుకుంటుంది, క్లోరైడ్ అయాన్లు లోపలికి పారతాయి, కణం నెమ్మదిస్తుంది.

1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ ఈ తూమును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. మోతాదు మరీ మించితే లస్కరు లేకున్నా తెరుస్తుంది, ఊపిరికే ముప్పు. అంతకంటే భద్రమైన మందు కోసం వెతికినవారిలో రోష్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ ఒకరు. ఆయన తయారుచేసి పక్కన పెట్టేసిన ఒక పదార్థాన్ని 1957లో జంతువులకు ఇచ్చి పరీక్షించారు. వాటి కండరాలు సడలాయి, ఉద్రేకం తగ్గింది. అదే 1960లో లిబ్రియంగా వచ్చింది. 1963లో దాని తోబుట్టువు డయాజిపామ్ వచ్చింది. ఇవి మెదడులో పట్టే చోటు మాత్రం 1977లో గాని తెలియలేదు. ఇవి సొంతంగా తూము తెరవవు. గాబా ఉన్నప్పుడు తూము మరిన్నిసార్లు తెరుచుకునేలా సాయపడతాయి. భద్రత అక్కడే ఉంది. నిద్రమత్తు లేకుండా ఫిట్స్ ఆపాలని, తూములో ఏ ముక్కను తాకాలో ఎంచుకుని నేటి శాస్త్రజ్ఞులు కొత్త మందులు రూపొందిస్తున్నారు.

అయితే రోజూ వాడితే మెదడు ఈ సాయానికి అలవాటు పడుతుంది. తెలంగాణలో డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవారు అది దొరకని రోజున ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అలవాటైన సాయం ఒక్కసారిగా పోతే జరిగేది ఇదే.

మూర్ఛ మందులన్నీ ఈ తూము మీదే పనిచేయవు. కానీ జాగ్రత్త అన్నిటికీ ఒకటే. "ఆరు నెలలుగా రాలేదు కదా" అని డాక్టరును అడగకుండా మాత్ర మాన్పించకండి. ఒకరి మాత్ర మరొకరికి ఇవ్వకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. తాళంచెవులు మాత్రం బీరువాకే ఉంచండి.